పావుగంట పేచీ

పోయినవారం మనం టెస్ పెలెగ్రీనోను కనెక్టికట్ వెళ్ళే పొద్దుటి రైల్లో, ఒళ్ళో నలిగిన పేపరుతో వదిలిపెట్టాం. ఆ పేపరు మొదటి పేజీలో ఆమె ఫొటో, ఎమెట్ లార్కిన్ ఫొటో ఎదురెదురుగా పందెం పుంజుల్లా వేశారు. కాల్డర్ టెలివిజన్‌లో రాత్రి పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా పందొమ్మిదేళ్ళుగా ఎమెట్‌దే రాజ్యం. ముందు నిలబడి పావుగంట జోకులు చెప్తాడు. తర్వాత బల్ల వెనక కూర్చుని అతిథులతో ముప్పావుగంట కబుర్లాడతాడు. ఆయన దిగాక పన్నెండున్నరకు టెస్ ఎక్కుతుంది. పదకొండేళ్ళుగా అదే వరస. మే నెలాఖరుకు ఎమెట్ రిటైరవుతాడనీ, ఆ గంట టెస్‌కు వస్తుందనీ కంపెనీ ప్రకటించింది. కేకు కూడా కోశారు.

అంతలో, మార్చి మొదటి వారంలో, ఎమెట్ అడ్డం తిరిగాడు. తాను మానడట. అలాగని గంటా అక్కర్లేదట. మొదటి పావుగంట మాత్రం తనకు ఉంచాలట.

ముసలాయనకు ఆశ చావలేదని సగం మంది, ఆడదానికి పదకొండున్నర ఇవ్వడం కంపెనీకే ఇష్టం లేదని సగం మంది అనుకున్నారు. టెస్‌ను తొలుస్తున్న ప్రశ్న వేరు. ఒకప్పుడు యాభై నిమిషాలు చాలవని కంపెనీతో పోట్లాడి గంట చేయించుకున్న మనిషి, ఇప్పుడు పావుగంట చాలని ఎందుకంటున్నాడు? ఏజెంట్లనీ లాయర్లనీ అడిగి లాభం లేదు. ఆయన్నే అడగాలి.

రైలు దిగేసరికి తొమ్మిదిన్నర. మంచు కరిగి రోడ్ల పక్కన బురదగా పారుతోంది. ఎమెట్ ఇల్లు టెస్‌కు తెలుసు. ఏటా జూలై నాలుగుకు స్టూడియో జనమందర్నీ పిలిచి, పెరట్లో తనే నిలబడి మాంసం కాల్చి పెట్టేవాడు. రెండేళ్ళుగా ఆ పిలుపు లేదు.

తలుపు తీసింది ఆయన భార్య ఆర్లీన్. చేతులకు పిండి అంటుకుని ఉంది.

"ఫోన్ చేసి రావాల్సింది," అంది.

"చేస్తే రావద్దనేవారు."

"అనేదాన్నే." ఆర్లీన్ ఒక్క క్షణం ఆలోచించి పక్కకు జరిగింది. "బూట్లు అక్కడ విప్పు. నేల తుడిచి గంట కాలేదు."

వంటింట్లో బల్ల దగ్గర ఎమెట్ ఉడికిన గుడ్డు ఒలుస్తున్నాడు. దేశమంతా చూసే సూటూ టై మనిషి కాదు. మోచేతుల దగ్గర చిల్లులు పడ్డ స్వెటరు, మాసిన గడ్డం. ఆమెను చూడగానే ముఖం వెలిగింది.

"వచ్చావా నా వారసురాలా! కత్తి తెచ్చుకున్నావా, మా ఇంట్లోది ఇవ్వమంటావా?"

"మీదే ఇవ్వండి. వెన్న రాసుకోడానికైనా పనికొస్తుంది."

ఆయన పగలబడి నవ్వాడు. టెస్ ఆయన పక్కన ఉన్న కుర్చీ లాగబోతే ఆర్లీన్ ఆపింది. "అది కాలు ఊగుతుంది. అటు కూర్చో," అని ఎదుటి కుర్చీ చూపించింది. కిటికీ వెలుతురు సూటిగా మొహాన పడే చోటు. టెస్ కళ్ళు చికిలిస్తూ కూర్చుంది.

"సుత్తి లేకుండా అడుగుతున్నాను, ఎమెట్. పావుగంట ఎందుకు?"

"డాక్టరు రోజుకు పావుగంట నిలబడమన్నాడు."

"నిజం చెప్పండి."

"నిజం చెప్తే ఎవరూ నవ్వరు, అమ్మాయ్. అరవై మూడేళ్ళ అనుభవం."

టెస్‌కు ఒళ్ళు మండింది. కాఫీ కప్పులోకి చూస్తూ చెంచాతో కలుపుతూ అంది. "నా కాంట్రాక్టులో ఏం రాసుందో మీకసలు తెలుసా?"

"చక్కెర అక్కడే ఉంది చూడు," అన్నాడు ఎమెట్.

ఆర్లీన్ పిండి చేతులతోనే వచ్చి ఆయనకు ఎదురుగా నిలబడింది. "కాంట్రాక్టు గురించి అడుగుతోంది, ఎమెట్."

"ఆఁ, కాంట్రాక్టు! లాయర్ల కడుపు నింపేవన్నీ నాకెందుకు?"

టెస్ చెంచా ఆపింది. ఏదో తట్టినట్టయింది కానీ ఏమిటో అందలేదు. మళ్ళీ అడిగింది, ఈసారి సూటిగా ఆయన మొహంలోకి చూస్తూ. ఆయన గలగలా జవాబిచ్చాడు. స్టూడియో గురించి, వాతావరణం గురించి, ఆమె వేసుకున్న కోటు గురించి. ఆమె తల తిప్పినప్పుడల్లా మాత్రం ఆ మాటల బండి పట్టాలు తప్పుతోంది. తప్పినప్పుడల్లా ఆర్లీన్ అందుకుని పట్టాల మీదకు తెస్తోంది.

టెస్ కప్పు పట్టుకుని లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపు ఇటు పెట్టి నిలబడింది. వెనక ఆర్లీన్ కుళాయి తిప్పి గిన్నె కడుగుతోంది.

"ఎమెట్," అంది టెస్, మామూలు గొంతుతో. "మీ కారు షెడ్డు తగలబడిపోతోంది."

"అవునవును," అన్నాడాయన తాపీగా. "ఏప్రిల్ వచ్చినా ఈ మంచు కరిగేలా లేదు."

కుళాయి చప్పుడు ఆగిపోయింది.

టెస్ ఇటు తిరిగింది. ఆర్లీన్ మొహం పాలిపోయింది. ఎమెట్ ఆమె వంకా, ఈమె వంకా చూశాడు. టెస్ ఏమందో ఆయనకు వినపడలేదు కానీ సంగతి అర్థమైంది. చేతిలో సగం ఒలిచిన గుడ్డును మెల్లగా పళ్ళెంలో పెట్టాడు.

"ఏమన్నావు?"

"మీ షెడ్డు తగలబడుతోందన్నాను."

ఆయన కిటికీలోంచి షెడ్డు వంక చూశాడు. "మంచి జోకే. నేనైతే ఇంటికే పెట్టేవాణ్ణి నిప్పు," అన్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"ఎడమది పోయి నాలుగేళ్ళు. కుడిదాని మీద బండి లాగించాను. అదీ రెండేళ్ళ కిందట మొదలెట్టింది. ఇప్పుడు తేనెపట్టు దగ్గర చెవి పెట్టినట్టుంటుంది, అంతే. చెవి మిషను పెట్టుకుంటే మాటలు కాదు, గిన్నెలు దొర్లినట్టుంటుంది."

టెస్‌కు ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. నాలుగేళ్ళ కిందట స్టూడియోలో బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు మార్పించాడు. కొత్త హంగులని పేపర్లు రాశాయి. కుడిచెవి వైపు అతిథుల్ని కూర్చోబెట్టుకోడానికన్న మాట! ఇంకోటి. రెండేళ్ళుగా ఆయన దగ్గరికి గడ్డం ఉన్న మనిషి ఒక్కడూ రాలేదు. ఎంత పెద్ద నటుడైనా సరే, గీసుకుంటేనే పిలుపు. ముసలాయన చాదస్తమని స్టూడియో అంతా చెవులు కొరుక్కునేది.

"గడ్డాలు," అంది టెస్.

"మీసాలు కూడా కష్టమే. పెదాలు కనపడవు. పోయిన నెల ఆ ఆవుల డాక్టరు వచ్చాడే, పంటి కింద మాట నములుతూ... ఆరు నిమిషాలు వాడేం చెప్పాడో దేవుడికెరుక. నేను నవ్విన చోటల్లా జనం బిగుసుకుపోయారు. తర్వాత ఆర్లీన్ చెప్పింది, వాడు చచ్చిపోయిన తన గుర్రం గురించి చెప్తున్నాడట."

ఆర్లీన్ మొహం పక్కకు తిప్పుకుంది.

"అందుకని అతిథులు వద్దు," అంది టెస్ నెమ్మదిగా, పెదాలు స్పష్టంగా కదిలిస్తూ. "మరి జోకులు? జనం నవ్వింది ఎలా తెలుస్తుంది? నవ్వు ఆగేదాకా ఆగి తర్వాతది అందుకుంటారు. ఒక్కసారీ తప్పలేదు. నేను తెర వెనక నిలబడి చూస్తాను కదా!"

ఎమెట్ కుర్చీ వెనక్కి జరిపి, మేజోళ్ళ పాదాలు నేల మీద ఆనించి చూపించాడు.

"మన స్టూడియోది పాత చెక్క నేల. కింద అంతా బోలు. మూడు వందల మంది నవ్వితే నేలలోంచి వస్తుంది. పలచటి తోలు బూట్లు కుట్టించుకున్నాను అందుకే. చిన్న నవ్వయితే మడమ దాకా వస్తుంది. గట్టిదయితే మోకాలి దాకా. చప్పట్లు వేరు, గరగరలాడతాయి. నవ్వు దొర్లుతుంది." ఆయన తల వంచుకున్నాడు. "ఆ పావుగంట నేను చెవిటివాణ్ణి కాను, టెస్. మిగతా రోజంతా ఈ వంటింట్లో ఆర్లీన్ పెదాల వంక చూస్తూ బతుకుతాను. ఆ పావుగంట కూడా పోతే..."

టెస్ వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. వచ్చేటప్పుడు రైల్లో కూడబలుక్కున్న మాటలేవీ ఇప్పుడు పనికిరావు. అయినా చెప్పాల్సింది ఒకటుంది.

"నా కాంట్రాక్టులో ఏముందో వినండి. చూడండి, అనాలేమో. 'ఎమెట్ లార్కిన్ పూర్తిగా తప్పుకున్న నాడు' ఆ గంట నాకివ్వాలని ఉంది. పూర్తిగా. మీరు పావుగంట ఉన్నా, పావు నిమిషం ఉన్నా, నాకిచ్చిన మాట చెల్లదు. మిగతా ముప్పావుగంట హోలిస్టర్ ఎవడికైనా ఇచ్చుకోవచ్చు. జూన్‌లో నా గడువు తీరిపోతుంది. నాతోపాటు నా దగ్గర పనిచేసే అరవై రెండు మందికి."

గ్రాంట్ హోలిస్టర్ అంటే కాల్డర్ కార్యక్రమాలన్నిటికీ పెద్ద. ఎమెట్ కనుబొమలు ముడిపడ్డాయి. తప్పుగా చదివానేమోనని ఆర్లీన్ వంక చూశాడు. ఆర్లీన్ అదే మాట మళ్ళీ చెప్పింది.

"నువ్వు ఒప్పుకున్నావన్నాడే!" అన్నాడు ఎమెట్. "పదకొండూ ముప్పావు నుంచి నీదే, నువ్వు సరేనన్నావనీ, పేపర్లలో గొడవంతా ఉత్తుత్తిదేననీ..."

"నాతో ఆ ఊసే ఎత్తలేదు. మీరు నన్ను చూసి ఓర్వలేక చేస్తున్నారని చెప్పాడు."

"ఓరి నక్కనాయాలా," అంది ఆర్లీన్. కొట్లాటప్పుడు కూడా గొంతు పెంచని ఆర్లీన్.

ఎమెట్ లేచి వంటింట్లో అటూ ఇటూ నడిచాడు. ఆగాడు. "గురువారం షికాగోలో మన కార్యక్రమాలు వేసే ఊరూరి స్టేషన్ల వాళ్ళంతా కూడుతున్నారు. వాళ్ళు చెయ్యెత్తితేనే పావుగంట. అక్కడే అడుగుతాను. నాకు పావుగంట, వెంటనే ముప్పావుగంట టెస్‌కి, కాగితం మీద. అలా కాకపోతే నాకూ వద్దంటాను. కానీ..."

"కానీ?"

"నేను మాట్లాడాక వాళ్ళు ప్రశ్నలు వేస్తారు. పెద్ద హాలు. ఎక్కడో వెనక వరసలోంచి, మైకులో. పెదాలు కనపడవు." ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "పక్కన ఎవరైనా కూర్చుని ప్రశ్న పెద్దక్షరాలతో రాసి పెడితే గట్టెక్కుతాను. ఆర్లీన్ కూర్చుంటే పెళ్ళాన్ని ఎందుకు తెచ్చాడంటారు. నువ్వు కూర్చుంటే ఇద్దరం కలిసిపోయామంటారు."

టెస్ తల ఎత్తి ఆయన వంక చూసింది. తన గంటలోంచి పావు కోసుకోడానికి తన చేతే కత్తి పట్టిస్తున్నాడు!

ఆమె మనసులో మాట పెదాలు చూడకుండానే చదివాడాయన. "ఈ సంగతి బయటపెడితే గంట మొత్తం నీదే. అది నాకు తెలుసు, నీకూ తెలుసు."

"తెలుసు," అంది టెస్.

అవుననీ కాదనీ చెప్పకుండానే కోటు వేసుకుంది. గుమ్మం దగ్గర ఆర్లీన్ దాల్చినచెక్క కేకు ముక్క ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. పెట్టిన చెయ్యి వెంటనే వదల్లేదు.

"ఈ ఇంటి బయట ఇది తెలిసింది బోస్టన్‌లో డాక్టరుకి. ఇప్పుడు నీకు."

మధ్యాహ్నం సిడ్ వాక్స్‌మన్ ఆఫీసులో టెస్ ఆ కేకు తింటూ కూర్చుంది. సిడ్ పదేళ్ళుగా ఆమె ఏజెంటు. ఆవపిండి రాసిన మాంసం రొట్టె ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని ఊపిరాడకుండా మాట్లాడే మనిషి. ఇప్పుడు రెండూ పక్కన పెట్టాడు.

"చెప్పు తల్లీ. ముసలాడు ఏమన్నాడు?"

"బాగానే ఉన్నాడు."

"వాడి ఆరోగ్యం నాకెందుకు? గురువారం ఓటింగు. ఏదైనా పట్టుకొచ్చావా? వాడిలో ఏదో తేడా ఉంది, టెస్. నా ముక్కు చెప్తోంది. మతిమరుపా? తాగుడా? ఒక్క ముక్క చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను. చెప్పింది నువ్వని పురుగుక్కూడా తెలియదు."

టెస్ కేకు ఇంకో ముక్క తుంచుకుంది. పన్నెండున్నరకు తనను చూసేది ఎవరు? నైట్ డ్యూటీ నర్సులు, పసిపిల్లల తల్లులు, నిద్రపట్టని లారీ డ్రైవర్లు. వాళ్ళంటే ఆమెకు ప్రాణం. కానీ దేశమంతా మేలుకుని ఉండగా ఒక్కసారి ఆ మైకు ముందు నిలబడాలని పదకొండేళ్ళ నుంచి ఆకలి. ఇప్పుడు ఒక్క మాట చాలు.

"కేకు చాలా బాగుంది, సిడ్," అంది.

సిడ్ ఆమెను తేరిపార చూశాడు. "నిన్ను ఆ భగవంతుడే కాపాడాలి," అని రొట్టె అందుకున్నాడు.

రాత్రి కార్యక్రమాలంటారు కానీ రెండూ సాయంత్రమే రికార్డవుతాయి. అయిదున్నరకు ఎమెట్‌ది, ఏడున్నరకు అదే స్టూడియోలో టెస్‌ది. ఆ రోజు ఆమె మూడో జోకు మధ్యలో ఆగిపోయింది. వంగి బూట్లు రెండూ విప్పి పక్కన పెట్టింది. ఇదీ వేషమే అనుకుని జనం గొల్లుమన్నారు. మేజోళ్ళలోంచి అరికాళ్ళకు ఏదో తగిలింది. సన్నగా, గుండ్రంగా, మడమల్లోంచి పైకి దొర్లుకుంటూ. టెస్ కదలకుండా నిలబడిపోయింది. ఎడిటర్లు తర్వాత ఆ నాలుగు సెకన్లూ కత్తిరించేశారు.

గురువారం పొద్దున పది గంటలకు షికాగో హోటల్ హాల్లో రెండు వందల మంది కూర్చున్నారు. దులూత్ నుంచీ టల్సా నుంచీ ఒమాహా నుంచీ వచ్చిన స్టేషన్ల యజమానులు. మెడ మీద టైలు బిగుసుకుంటున్న పెద్దమనుషులు, కాఫీ చల్లారిందని సణిగే పెద్దమ్మలు. వేదిక మీద ఎమెట్ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆర్లీన్ మొదటి వరసలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, వెన్ను నిటారుగా కూర్చుంది.

టెస్ వెనక తలుపులోంచి వచ్చింది. హాలు మధ్యలోంచి నడిచి, మెట్లెక్కి, ఖాళీ కుర్చీలో కూర్చుంది. సంచిలోంచి పసుపు కాగితాల పుస్తకం, లావుపాటి నల్ల పెన్ను తీసింది. ఎమెట్ ఆమె వంక చూడలేదు. బల్ల కింద ఆమె చేతిని ఒకసారి గట్టిగా నొక్కి వదిలేశాడు.

వేదిక మీదే అటు పక్కన కూర్చున్న హోలిస్టర్ వంగి, తేనెలొలికే గొంతుతో అన్నాడు. "టెస్ గారూ, మీ కుర్చీ రెండో వరసలో వేయించాం."

"ఇక్కణ్ణుంచి అందరూ బాగా కనపడుతున్నారు, గ్రాంట్ గారూ. మీరు కూడా."

ఎమెట్ లేచి నాలుగే నిమిషాలు మాట్లాడాడు. పావుగంట నాది, ముప్పావుగంట ఈ అమ్మాయిది, కాగితం మీద, లేకపోతే రెండూ వద్దు. హాలంతా గుసగుసలు, ఆ వెనకే చప్పట్లు. హోలిస్టర్ కూడా చప్పట్లు కొట్టాడు, అందరికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా.

ప్రశ్నలు మొదలయ్యాయి. టల్సా పెద్దమ్మ మైకు పట్టుకుని ఏదో అడిగింది. టెస్ గబగబా రాసింది: 'ప్రకటనలు ఎన్ని?' ఎమెట్ క్రీగంట చూసి, "నా జోకులు బాగుంటే రెండు, లేకపోతే పదహారు," అన్నాడు. హాలు నవ్వింది. ఇంకొకాయన లేచాడు. టెస్ రాసింది: 'మీ వయసు?' ఎమెట్ తడుముకోకుండా, "మీ ఊళ్ళో అయితే ఇంకా కుర్రాణ్ణే," అన్నాడు. ఈసారి బల్లలు చరిచారు. గెలుస్తున్నారు. ఇద్దరూ కలిసి గెలుస్తున్నారు!

వెనక వరసలోంచి పొడుగ్గా, బక్కగా ఒకాయన లేచాడు. దులూత్ నుంచి వచ్చిన డ్యూయీ ఆస్ట్రమ్. చేతిలో మడిచిన చీటీ ఒకటి ఉంది. మైకు అందుకుని, చీటీ చూసుకుంటూ, కొంచెం మొహమాటంగానే అడిగాడు.

"ఎమెట్, మా అందరికీ మీరంటే అభిమానమే. ఏమనుకోకండి. మీకు రెండు చెవులూ బొత్తిగా వినపడవని ఒకరు చెప్పారు. నిజమేనా?"

హాలు ఒక్కసారిగా చల్లబడింది. ఎవరిదో కాఫీ కప్పు సాసరులో టక్కుమంది. మొదటి వరసలో ఆర్లీన్ మెడ మెల్లగా తిప్పింది. ఆస్ట్రమ్ వైపు కాదు. వేదిక వైపు, టెస్ వైపు. ఆ చూపు చూసి టెస్ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. నేను కాదు అని అరవాలనిపించింది. ఎవరితో అనాలి? హోలిస్టర్ ఉలిక్కిపడలేదు. ఆశ్చర్యం నటించడానికి కూడా ప్రయత్నించలేదు. చేతులు కట్టుకుని, ఆమె ఏం రాస్తుందా అని ఆ పసుపు కాగితం వంకే చూస్తున్నాడు.

హాల్లో ఆ ప్రశ్న వినని మనిషి ఒక్కడే. ఆయన మొహం మీద ఇందాకటి నవ్వు అలాగే ఉంది. మంచి జవాబొకటి నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నవాడిలా ముందుకు వంగి, ఖాళీ కాగితం చూశాడు. ఆమె మొహం చూశాడు. పెదాలు కదిపీ కదపకుండా, తమ ఇద్దరికి మాత్రమే వినిపిస్తుందనుకుంటూ, మైకులోంచి హాలంతా మోగేంత గట్టిగా అడిగాడు.

"ఏమంటున్నాడమ్మాయ్?"